బోరింగు దగ్గర మొదలైన కళ

బోరింగు దగ్గర బిందె నిండాక అసలు కష్టం మొదలవుతుంది. వంగి దాన్ని నడుముకు, అక్కడి నుంచి తలకు ఎత్తుకోవాలి. కాళ్ల కింద బురద. ఛత్తీస్‌గఢ్‌లోని కొండగావ్ ప్రాంతంలో ఈ అవస్థను పట్టించుకున్నవాళ్లు శిల్పులు.

ముంబై కళాకారిణి నవజ్యోత్ అల్తాఫ్ 1990ల చివర్లో బస్తర్ వెళ్లి, కొండగావ్‌లో స్థానిక కళాకారులు రాజ్‌కుమార్ కొర్రామ్, శాంతిబాయి, గెస్సురామ్‌లతో కలిసి పని మొదలుపెట్టారు. ఊరి ఆడవాళ్లతో, పిల్లలతో మాట్లాడి బోరింగుల చుట్టూ కట్టడాలు కట్టారు. బిందెను తలకెత్తుకునే ముందు ఆనించుకోవడానికి మధ్య ఎత్తులో చోటు, ఒలికిన నీళ్లు నిలవకుండా పోయే ఏర్పాటు, గోడల మీద అక్కడివాళ్లకు తెలిసిన రూపాలు. వీటిని ‘నల్‌పర్’ అన్నారు. పిల్లలు కలుసుకోవడానికి కట్టినవాటి పేరు ‘పిల్లా గుడి’. ఆ పేరును తెలుగువాళ్లకు అనువదించి చెప్పక్కర్లేదు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, జగదల్‌పూర్ మీదుగా వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీదే కొండగావ్ ఉంది మరి.

ఆర్టిస్ట్ రెసిడెన్సీ, అంటే కళాకారులను ఒక చోటికి పిలిచి కొంతకాలం అక్కడే ఉంచి పని చేసుకోనివ్వడం, అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఏకాంతం. అమెరికాలో 1907లో మొదలైన మెక్‌డొవెల్ రెసిడెన్సీలో మధ్యాహ్న భోజనం బుట్టను స్టూడియో గుమ్మం ముందు పెట్టి వెళ్లిపోతారు, పని చెడకూడదని. ఆ పద్ధతిని తప్పుపట్టను. రాసేవాళ్లకు, స్వరాలు కట్టేవాళ్లకు అలాంటి నిశ్శబ్దం కావాలి. అయితే ‘ఊరితో, ప్రకృతితో మమేకం’ అని చెప్పి పిలిచేటప్పుడు గుమ్మం తెరిచే ఉండాలి. మన దగ్గర ఆర్ట్ క్యాంపులు ఎక్కువగా నాలుగైదు రోజుల్లో ముగుస్తాయి. క్యాన్వాసులిస్తారు, చెరువు గట్టు మీద ఫోటో దిగుతారు, సర్టిఫికెట్లు పంచుతారు. ఆ చెరువు నీళ్లు ఎవరి పొలానికి వెళ్తాయో తెలిసేలోపే బస్సు వచ్చేస్తుంది. బొమ్మలు బాగానే ఉండొచ్చు. ఊరికి, వాటికి సంబంధం ఏమిటన్నదే నా బాధ.

నిర్మల్‌ను తీసుకోండి. అక్కడి కొయ్యబొమ్మలకు పొణికి కర్ర కావాలి. మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. అది దొరకడం ఏళ్లుగా కష్టమవుతోంది. అక్కడికి వెళ్లే కళాకారుడికి మొదటి పాఠం ఆ చెట్టే కావాలి: ఎక్కడ పెరుగుతుంది, ఎవరు కొడతారు, మళ్లీ ఎవరు నాటుతారు. ఆదిలాబాద్‌లో ఓజా కులవృత్తి కళాకారులు చేసే డోక్రాకు, అంటే మైనం అచ్చుతో పోసే లోహపు బొమ్మలకు, మట్టి, మైనం, ఇత్తడి కావాలి. ఏటికొప్పాక లక్క బొమ్మలకు అంకుడు కర్ర. ఈ చోట్ల అడవి గురించి వేరే క్లాసు పెట్టనక్కర్లేదు, చేతిపనిలోనే ఉంది. దాన్ని నేర్చుకోవడానికి కనీసం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడాలి. నవజ్యోత్ కొండగావ్‌తో ఏళ్ల తరబడి సంబంధం నిలుపుకొన్నారు. నల్‌పర్ లాంటి పని సాధ్యమైంది అందువల్లే అని నా నమ్మకం.

అంతకాలం ఎవరు డబ్బు పెడతారు? న్యాయమైన ప్రశ్నే. ఇరవైమందిని ఐదు రోజులు పిలిచే క్యాంపులు ఏడెనిమిది మానేస్తే, దాదాపు ఆ ఖర్చుతోనే ఇద్దరిని ఏడాది ఉంచొచ్చు. సంఖ్య చిన్నదవుతుంది, నివేదికలో ఫోటోలు తగ్గుతాయి. తగ్గనివ్వండి.

ఇంకో లెక్క కూడా సరిచేయాలి. వచ్చిన కళాకారుడికి ప్రయాణం, బస, పారితోషికం ఉంటాయి. కొలిమి దగ్గర కూర్చోబెట్టి పని నేర్పిన ఓజా కుటుంబానికి ఆఖరి రోజు ఒక శాలువా కప్పుతారు. నేర్పినన్ని రోజులు వాళ్ల సొంత పని ఆగిపోతుంది, అమ్మకం ఆగిపోతుంది. ప్రభుత్వమైనా, ట్రస్టు అయినా రెసిడెన్సీ పెట్టాలనుకుంటే అతిథికి ఇచ్చే రోజు రేటే ఆతిథ్యమిచ్చే కళాకారుడికీ ఇవ్వాలి. తయారైన దాని మీద ఇద్దరి పేర్లూ ఉండాలి, అమ్మితే ఇద్దరికీ వాటా రావాలి. ఈ మూడూ రాతపూర్వకంగా, మొదటి రోజే.