భవదూర, బి. (1369). డీఓఐ లేదు

మా విద్యార్థిని ఒక పరిశోధన పత్రికకు పంపిన వ్యాసం తిరిగొచ్చింది. కడప జిల్లాలోని పాత చెరువులు, వాటి శాసనాల మీద రాసిన వ్యాసం అది. ఎందుకు తిప్పి పంపారో ఎడిటోరియల్ ఆఫీసువారు ఎంతో మర్యాదగా వివరించారు. సంపుటం నంబరు ఇటాలిక్‌లో ఉండాలి, సంచిక నంబరు ఇటాలిక్‌లో ఉండకూడదు. ఈ పిల్ల తెలియక సంచికను కూడా వాల్చేసింది. కొన్నిచోట్ల పేజీ నంబర్ల మధ్య గీత పొట్టిదైంది. అన్నిటికంటే ఘోరం, పద్నాలుగో రెఫరెన్సుకు డీఓఐ, అంటే ఇంటర్నెట్‌లో వ్యాసాలకు ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు, లేదు. వ్యాసంలో ఏముందన్న దాని గురించి ఒక్క మాటా లేదు. అవసరమూ లేదు లెండి. గీతే పొట్టిదైపోయాక లోపల విషయం ఉంటే ఎంత, లేకుంటే ఎంత?

అన్నట్టు ఆ పద్నాలుగో రెఫరెన్సు పోరుమామిళ్ల చెరువు శాసనం. 1369 నాటిది. డీఓఐ ఏర్పాటు 2000లో మొదలైంది. ఈ 631 ఏళ్ల ఆలస్యానికి సంజాయిషీ విజయనగరం వారే ఇచ్చుకోవాలి. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు రోజుకు వెయ్యిమంది కూలీలను, రాళ్లు తోలడానికి వంద బండ్లను పెట్టి రెండేళ్లలో చెరువు పూర్తి చేయించాడు. అదంతా రాయి మీద చెక్కించాడు కూడా. ఇంత తెలిసిన మనిషికి ఒక డీఓఐ తీసుకోవాలని తోచలేదు. రాచబిడ్డల నిర్లక్ష్యం ఇట్లాగే ఉంటుంది.

దిద్దుబాటుకు డీటీపీ షాపుకు వెళ్లాం. బయట బోర్డు మీద పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, థీసిస్ బైండింగ్ అని ఉంటుంది. రెఫరెన్సులు ఎలా రాయాలో చెప్పే ఏపీఏ పద్ధతి ఏడో ఎడిషన్‌కు లోపలున్నాయన ఈ చుట్టుపక్కల సుప్రీంకోర్టు. ప్రొఫెసర్లు సైతం ఆయన ముందు నిలబడే మాట్లాడతారు.

"రచయిత ఎవరు సార్?"

"శాసనం వేయించింది భవదూరుడు."

"ఇంటిపేరు?"

"సంగమ వంశం."

"అయితే సంగమ, బి. బి. అని కొడతా. పబ్లిషర్?"

"వాళ్లే."

"ఊరు?"

"పోరుమామిళ్ల."

"ఏడో ఎడిషన్లో ఊరు తీసేసినారు సార్. వద్దు."

చెరువు శాసనంలో ఊరు తీసేస్తే చెరువెక్కడుందని అడగబోయి ఊరుకున్నాను. సుప్రీంకోర్టుతో వాదనేంటి?

"పేజీలు ఎన్ని?"

"పేజీలు కాదయ్యా, రెండు బండలు."

ఆయన కీబోర్డు మీంచి చేతులు తీసి చాలాసేపు ఆలోచించాడు. "బండలకు ఏం పెట్టాల్నో నాకు తెలీదు సార్. పోనీ తేదీ లేదని ఎన్.డీ. వేసేద్దామా?"

"తేదీ ఉందయ్యా. శక సంవత్సరం 1291."

"శకాలూ గికాలూ వాళ్లు ఒప్పుకోరు."

చివరికి దాన్ని శాసనాలు అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో ప్రచురించిన సుక్తాంకర్ గారి పేరు మీద వేశాం. తర్వాతి కాలంలో మహాభారతం వ్రాతప్రతులను పోల్చి, పాఠాలు పరిష్కరించిన మహా పండితుడాయన. మా ఎడిటోరియల్ ఆఫీసుకు పంపి ఉంటే ఆదిపర్వం దాటేవాడు కాదు.

ఇక మన పేర్ల సంగతి. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం. వాళ్లు పేరులో చివరి ముక్కను పట్టుకుని ముందుకు లాగుతారు. తరతరాల ఇంటిపేరు ఒక్క ఇంగ్లిష్ అక్షరమై, పక్కన చుక్క పెట్టుకుని వెనక బెంచీలో కూర్చుంటుంది. అందుకని కడప జిల్లా మీద ఎవరేం రాసినా చివరి పేజీలు ఓటర్ల జాబితాలా ఉంటాయి. రెడ్డి, కె. వి.; రెడ్డి, బి. సి.; మళ్లీ రెడ్డి, కె. వి. ఎస్. ఒకాయన ఒకే ఏడాది మూడు రాస్తే 2016ఏ, 2016బీ, 2016సీ. ఈ రెడ్డెవరో ఆ రెడ్డెవరో వాళ్ల ఇళ్లలోవాళ్లు కూడా గుర్తుపట్టలేరు. కానీ పద్ధతి ప్రకారం ఉందా లేదా? ఉంది. అంతే చాలు.

"రెఫరెన్సులు పేర్చడానికి సాఫ్ట్‌వేర్ ఉంది కదా" అంటారు తెలివైనవాళ్లు. ఉంది. జొటేరో 2006 నుంచి ఉచితంగానే దొరుకుతోంది. అలాంటివాటికి స్టైళ్లు అందించే ఖజానాలో పదివేలకు పైగా ఉన్నాయి. అంటే ఒక పుస్తకం పేరు, రాసినవాడి పేరు, అచ్చయిన ఏడాది, ఈ మూడింటినీ పదివేల రకాలుగా పేర్చవచ్చని లోకం కష్టపడి కనిపెట్టింది. మంచిదే, ఎవరి సరదా వాళ్లది. కానీ ఎల్జెవియర్ అనే ప్రచురణ సంస్థ వారి పత్రికలు చాలావాటిలో మొదటిసారి పంపేటప్పుడు రెఫరెన్సులు ఏ పద్ధతిలో ఉన్నా, అంతటా ఒకేలా ఉంటే తీసుకుంటారు. మిగతా ముస్తాబు వ్యాసం అంగీకరించాక చూసుకుంటారు. దానివల్ల కొంపలేం మునగలేదు.

కొంపలు నిజంగా మునిగిన సంగతి మా పిల్ల వ్యాసంలో ఉంది. గండికోట జలాశయం ముంపులో పోయిన ఊరి పెద్దాయన ఒకరిని వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన వాళ్ల ఊరి చెరువుకు నీరుగంటి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ముందు పారాలి, కట్ట చెమ్మగిల్లితే ఏ పక్క తొక్కించాలి, అన్నీ నోటితో చెప్పాడు. ఏ పుస్తకంలోనూ లేని మాటలు. ఏపీఏ లెక్కలో అలాంటి సంభాషణకు చివరి జాబితాలో చోటు లేదు. పాఠకుడు వెతికితే దొరకదు కాబట్టి ఇవ్వకూడదట. దొరకదు, నిజమే. ఊరే దొరకదు. 26.85 టీఎంసీల జలాశయం కింద ఉంది. ఆ నీళ్లకు ఇల్లిచ్చి, పొలమిచ్చి, పాడెక్కే వయసులో పునరావాస కాలనీలో కూర్చున్న మనిషిని "వ్యక్తిగత సంభాషణ" అని బ్రాకెట్లో పడేసి వదిలేయాలి. ఏ చెరువు కట్టా ఎక్కకుండా నాలుగు వ్యాసాలు చూసి ఐదోది రాసిన 2016సీ మాత్రం ఇటాలిక్‌లో దర్జాగా వాలి ఉంటాడు. సిగ్గుండాలి. ఆయన మాట నిజమా, అబద్ధమా అని ఒక్కరైనా అడిగారా? అడిగింది గీత పొడవు!

వద్దు పొమ్మనడానికీ లేదు. పీహెచ్‌డీ ఇవ్వడానికి జర్నల్ వ్యాసం తప్పనిసరి కాదని యూజీసీ 2022లో చెప్పింది గానీ, రేపు లెక్చరర్ పోస్టుకు పోతే అక్కడ ఈ వ్యాసాలకూ మార్కులు వేస్తారు.

అన్నీ దిద్ది పంపాం. ఈసారి జవాబు త్వరగానే వచ్చింది. గీతల పొడవు బాగుందట. వ్యాసం మాత్రం కొంత చరిత్ర, కొంత నీటిపారుదల కావడంతో తమ పరిధిలోకి రాదట. పోరుమామిళ్ల శాసనంలో చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెక్కి ఉన్నాయి. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఆ ఆరింటిలో ఒకటి. భవదూరుడు అప్పుడే హెచ్చరించాడు, మేమే సరిగ్గా చదువుకోలేదు.

ఇప్పుడు ఇంకో పత్రిక. వీళ్లకు వాంకూవర్ పద్ధతి కావాలి. 1978లో వైద్య పత్రికల ఎడిటర్లు ఆ ఊళ్లో కూడి మొదలుపెట్టిన పద్ధతి కడప చెరువులకు ఎందుకో అడక్కండి. వాల్చినవన్నీ మళ్లీ నిలబెడుతోంది మా పిల్ల. అందరికీ నంబర్లే కాబట్టి రెడ్లందరూ ఒక్క దెబ్బకు అంకెలైపోయారు. "బండకు నంబరొకటి వేస్తే చాలు సార్, ఈజీ" అని డీటీపీ ఆయన కూడా ఖుషీగా ఉన్నాడు.

నీరుగంటి పేరు మాత్రం ఈసారి వ్యాసం మొదటి వాక్యంలోనే పెట్టమన్నాను. దానికి డీఓఐ అడిగితే నాకు ఫోన్ చేయమని చెప్పమన్నాను.