గోదాంలో హెంప్ పెంచుదామనుకునే ముందు

వరంగల్ చుట్టుపక్కల ఖాళీ గోదాం ఒకటి అద్దెకు తీసుకుని, లైట్లు బిగించి, లోపల హెంప్ (గంజాయి మొక్కలోనే మత్తు బాగా తక్కువుండే రకం) పండిద్దామనే ఆలోచన యూట్యూబ్ వీడియోలు చూసే కుర్రాళ్లకు బాగా ఎక్కుతోంది. హెంప్‌తో ఒక చిక్కు ఉంది, ఇండోర్ సాగుతో ఇంకోటి. రెండూ కలిపితే మాత్రం వ్యాపారం కాదు, కేసే.

నార కోసమో గింజల కోసమో హెంప్ వేసేవాళ్లు ఆరుబయట పొలంలోనే వేస్తారు. కిలో నారకు వచ్చే డబ్బుతో ఏసీ బిల్లు కట్టడం అయ్యే పని కాదు. విదేశాల్లో నాలుగు గోడల మధ్య పెంచేది ముఖ్యంగా పూత కోసం. మత్తుపదార్థాలపై మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి అని పిలిచేది సరిగ్గా ఆ పూతనే. అందులో మత్తునిచ్చే టీహెచ్‌సీ 0.3 శాతం లోపే ఉందన్న వాదనకు ఆ నిర్వచనంలో చోటు లేదు. అనుమతి లేకుండా మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. ‘సార్, ఇది వేరే రకం’ అంటే వినే పోలీసు ఎవరు?

అదే చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం నార, గింజల కోసం సాగుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చు. ఉత్తరాఖండ్ 2018లో ఆ దారి తెరిచింది. తెలంగాణలో అలాంటి లైసెన్సు విధానం లేదు. హెంప్ గింజలు, నూనె, పిండిని ఆహారంగా అమ్మడానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021లో ఒప్పుకుంది కాబట్టి, సరుకు తెప్పించి ప్యాక్ చేసి అమ్ముకోవచ్చు. కానీ నువ్వులు, అవిసెలు చవగ్గా దొరికే ఊళ్లో వాటిని కొనేదెవరు? ఆన్‌లైన్‌నే నమ్ముకోవాలి.

ఇక ఇండోర్ సంగతి. మే నెలలో నలభై డిగ్రీలు దాటే చోట సలాడ్‌లో వేసే లెట్యూస్ ఆకుకు చల్లదనం కొనివ్వాలి. పాలకూర కట్టతో పోటీపడే ధరకు అది ఎలాగూ రాదు.

నన్నడిగితే పుట్టగొడుగులే నయం. వానాకాలం, యాసంగి రెండు పంటల వరిగడ్డి ఇక్కడే ఉంది, కొందరు తగలబెడుతున్నారు కూడా. గడ్డిని చిన్న ముక్కలుగా కోసి, నానబెట్టి, వేడినీళ్లలో ఉడికించి ఆరబెట్టాలి. పిడికిట్లో పిండితే చుక్క కారకూడదు, అరచెయ్యి మాత్రం తడవాలి. ఆ గడ్డిని పుట్టగొడుగు విత్తనంతో కలిపి సంచుల్లో నింపాలి. తడి ఎక్కువైతే సంచిలో పచ్చబూజు పట్టి విత్తనం ఖర్చు మొత్తం పోతుంది. సరిగ్గా కుదిరితే మూడు వారాలకు అటూ ఇటూగా విత్తనం పోగులు గడ్డంతా అల్లుకుని సంచి తెల్లబడుతుంది. చలికాలం, వానాకాలం ముత్యపుచిప్ప రకం వేసుకోవచ్చు. ఎండాకాలానికి 30-35 డిగ్రీలు తట్టుకునే పాల పుట్టగొడుగు ఉంది, గోడలకు తడి గోనెసంచులు కడితే చాలావరకు నెట్టుకురావచ్చు.

అసలు టెన్షన్ కోత తర్వాతే. ముత్యపుచిప్ప ఫ్రిజ్ లేకుండా ఒకట్రెండు రోజులకు మించి ఆగదు. అందుకే గది కట్టకముందే హన్మకొండ, కాజీపేటల్లో హాస్టల్ మెస్‌లు, కర్రీ పాయింట్లు తిరిగి, ఎవరు రోజూ ఎన్ని కిలోలు తీసుకుంటారో రాసుకోవాలి. ‘పుట్టగొడుగుల పెంపకం కిట్ మా దగ్గర కొనండి, పంటంతా మేమే కొంటాం’ అని వచ్చేవాళ్లుంటారు. ముందు డబ్బు వాళ్లను కట్టమనండి. ఒప్పుకోకపోతే, వాళ్ల వ్యాపారం కిట్లు అమ్మడమే.