ఇంటి పద్దులో దేశం నాడి

అమెరికాలో మాంద్యం 2007 డిసెంబరులోనే మొదలైందని అక్కడి జాతీయ ఆర్థిక పరిశోధన సంస్థ తేల్చి చెప్పేసరికి 2008 డిసెంబరు ఒకటో తేదీ వచ్చింది. అప్పటికే లక్షల కుటుంబాలు గృహరుణ వాయిదాలు కట్టలేక ఇళ్లు పోగొట్టుకున్నాయి. నిపుణులకు ఏడాది తర్వాత రూఢి అయిన సంగతి ఆ ఇళ్ల జమాఖర్చుల్లో ముందే నమోదై ఉంది. ఏ దేశపు ఆర్థిక పోకడను పసిగట్టాలన్నా చూపు మొదట అక్కడ పడాలని మా నమ్మకం.

ఉద్యోగాల లెక్క ఆలస్యంగా పలుకుతుంది. గిరాకీ తగ్గినప్పుడు యజమానులు ముందు పనిగంటలకు కోత పెడతారు, నియామకాలు ఆపుతారు, ఆ తర్వాతే తొలగింపులకు దిగుతారు. కోలుకునేటప్పుడూ అంతే తాత్సారం. పై మాంద్యం 2009 జూన్‌లో ముగిసినా నిరుద్యోగిత 10 శాతానికి చేరింది అక్టోబరులో. పైగా అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణాల ప్రకారం సర్వే వారంలో ఒక్క గంట ఆదాయం కోసం పనిచేసినా ఉపాధి ఉన్నట్టే. వెతికి వేసారి ప్రయత్నం మానుకున్నవారు నిరుద్యోగుల లెక్కలోకే రారు.

ప్రభుత్వాలు, సంస్థలు అప్పు తీసుకుంటూ ఇచ్చే పత్రాలైన బాండ్ల మార్కెట్‌ది ముందుచూపు. బాండుపై వచ్చే వడ్డీ మొత్తం సాధారణంగా ముందే ఖరారై ఉంటుంది కనుక, దాని ధర పడితే కొన్నవారికి రాబడి రేటు పెరుగుతుంది. రెండేళ్ల బాండుకన్నా పదేళ్ల బాండుపై రాబడి ఎక్కువగా ఉండటం పరిపాటి కాగా, ఆ వరుస తలకిందులైతే వడ్డీరేట్లు తగ్గించక తప్పనంత గడ్డుకాలం రానున్నదని మదుపరులు భావిస్తున్నట్టు అర్థం చేసుకుంటారు. అయితే అమెరికాలో 2022 జులై నుంచి రెండేళ్లకు పైగా ఆ స్థితి కొనసాగినా, ఆ కాలంలో మాంద్యం రాలేదు. బాండ్లతో తమకు పనిలేదనుకునే కుటుంబాలకు మాత్రం బ్రిటన్ అనుభవాన్ని గుర్తుచేయాలి. 2022 సెప్టెంబరు 23న నిధుల ఆధారం చూపకుండా ప్రకటించిన పన్ను కోతలతో ప్రభుత్వ బాండ్ల రాబడి ఎగబాకింది. 28న కేంద్ర బ్యాంకే ఆ బాండ్ల కొనుగోళ్లకు దిగవలసి వచ్చింది. గృహరుణాల వడ్డీ కూడా బాండ్ల రాబడిని అనుసరించేదే కావడంతో, ఆ కొద్ది రోజుల్లోనే రుణసంస్థలు వందలాది గృహరుణ పథకాలను ఉపసంహరించుకున్నాయి.

ఇంటి పద్దును చదవడానికీ నిదానం కావాలి. 2020 ఏప్రిల్‌లో అమెరికా కుటుంబాల పొదుపు రేటు, అంటే పన్నులు పోగా మిగిలిన ఆదాయంలో దాచుకున్న వాటా, 30 శాతం దాటింది. దుకాణాలు మూతపడి, ప్రభుత్వ సాయం చేతికంది, భయం ఖర్చును ఆపిన నెల అది. అదే నెలలో నిరుద్యోగిత 14 శాతానికి మించింది. పొదుపు పెరిగిందంటే కలిమి పెరిగిందనే అర్థం తీసుకుంటే ఎంత పొరబడతామో చూడండి. సగటు మరింత మోసకారి. పైమెట్టున ఉన్నవారి మిగులు కిందివారి అప్పును కప్పేస్తుంది. ఇల్లు కొనుక్కోవడానికి చేసిన అప్పు, నెలాఖరు గడవడానికి చేసిన అప్పు ఒకే మొత్తంలో కలిసిపోతాయి. రెండోది పెరుగుతూ, చిన్న రుణాల వాయిదాలు వరుసగా తప్పుతుంటే, ఉద్యోగాల లెక్క ఎంత నిబ్బరంగా ఉన్నా పాలకులు నిద్రపోకూడదు.

బాండ్ల ధర క్షణక్షణం తెలుస్తుండగా, కుటుంబాల అప్పుల, పొదుపుల వివరాలు ఆదాయ వర్గాలవారీగా వెలువడటం చాలాచోట్ల అరుదు. రుణం ఎందుకు తీసుకున్నారో, ఏ వర్గంవారు వాయిదాలు తప్పుతున్నారో తెలిపే గణాంకాలను, ఎవరి పేరూ బయటపడకుండా, ఉద్యోగ గణాంకాలతో పాటే ప్రకటించాలని మేము కోరుతున్నాము. ఆ సమాచారంలో అధికభాగం రుణమిచ్చిన సంస్థల ఖాతాల్లో ఇప్పటికే ఉంది.