ఖాళీ చేసిన ఇంటికి నన్ను తోలుతున్న సోర్సెస్.లిస్ట్ గారికి

అయ్యా,

నా ఉబుంటు (లైనక్స్) కంప్యూటర్ ఏ సర్వర్ల నుంచి సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవాలో ఆ అడ్రసులు దాచుకునే ఫైలు మీరు. ఈటీసీ ఫోల్డర్లో, ఆప్ట్ అనే గదిలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను మాత్రం లేను.

నిన్న రాత్రి, సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల తాజా జాబితా తెచ్చే 'సుడో ఆప్ట్ అప్‌డేట్' కమాండ్ కొట్టాను. మొదటి లైను ఇగ్నోర్. రెండోదీ ఇగ్నోర్. ఆ తర్వాత వరసబెట్టి ఎర్రర్లు, ప్రతిదాని పక్కనా 404, అంటే అడిగింది అక్కడ లేదని. చివర్లో ముక్తాయింపు: ఈ రిపాజిటరీలో (ప్యాకేజీల గోదాములో) రిలీజ్ ఫైలు (సరుకు పట్టీ) ఇక లేదు, ఇలాంటి చోటి నుంచి అప్‌డేట్ క్షేమం కాదు గనక ఆపేశాం. నెట్ పోయిందేమోనని రౌటర్ ఆపి మళ్ళీ వేశాను. సిస్టమ్ గడియారం వెనకబడిందేమో అని అదీ చూశాను. (ఒకసారి అలాగే అయింది. టైము తప్పితే, నిన్ననే వచ్చిన రిలీజ్ ఫైలు కూడా 'ఇంకా చెల్లదు' అంటుంది. పుట్టని బిడ్డకి జాతకం అడిగినట్టు.) ఇంత హైరానా పడుతుంటే మీరు కిమ్మనలేదు.

తీరా చూస్తే నాది ఉబుంటు 23.10. 2023 అక్టోబరులో పుట్టింది, ఆయుష్షు తొమ్మిది నెలలు, 2024 జూలైలో చెల్లిపోయింది. దాని ప్యాకేజీలన్నీ మూటాముల్లె సర్దుకుని 'ఓల్డ్-రిలీజెస్' సర్వర్‌కి వెళ్ళిపోయాయి. మీరేమో ఇంకా పాత ఆర్కైవ్ గుమ్మమే చూపిస్తున్నారు. ఆర్కైవ్, సెక్యూరిటీ అన్న రెండు అడ్రసులు చెరిపి ఓల్డ్-రిలీజెస్ అని రాశాను. అంతే, ప్యాకేజీలు బుద్ధిగా దిగాయి. రెండు గంటల టెన్షన్‌కి రెండు మాటల మందు.

ఇక పక్క ఫోల్డర్లో ఉంటున్న మీ అద్దెవాళ్ళ, అంటే బయటి సాఫ్ట్‌వేర్ల అడ్రసు లైన్ల సంగతి. అందులో ఒకాయన రోజూ 'నో పబ్‌కీ' (సంతకం సరిచూసే తాళంచెవి లేదు) అంటూ 16 అంకెలూ అక్షరాలూ కలిపి అప్పచెబుతాడు. ఆ లైన్లో 'ట్రస్టెడ్=ఎస్' (సంతకం చూడకుండానే నమ్మెయ్) అని చేరిస్తే నోరు మూస్తాడని ఎవరో సలహా ఇచ్చారు. తాళంచెవి పోయిందని తలుపే పీకెయ్యమనడం అది! ఆ సాఫ్ట్‌వేర్ ఎప్పుడో తీసేశాను, లైను మాత్రం మిగిలిపోయింది. దాన్ని అక్కడ పేస్ట్ చేసింది నువ్వే కదా అంటారా? అనండి.

అసలు ఒళ్ళు మండింది ఎక్కడంటే, వేరే కంప్యూటర్లో ఉబుంటు 24.04 కొత్తగా వేసి, అలవాటుకొద్దీ మిమ్మల్ని తెరిచాను. లోపల ఒక్క కామెంటు: సోర్సులు ఇక్కడ లేవు, ఉబుంటు.సోర్సెస్ అనే ఫైలుకి మారాయి అని.

ఓహో! మీరు ఇల్లు మారితే మాత్రం గుమ్మానికి చీటీ అంటించి వెళ్తారన్నమాట.

ఇట్లు,
పేరుకి మాత్రమే రూట్ (ఈ కంప్యూటర్‌కి సర్వాధికారి)