కోట్స్ పెడితే సరిపోతుందా?

గుంటూరు, విజయవాడల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక చిట్కా తెగ తిరుగుతోంది: "విండోస్ యాప్ నుంచి స్క్రిప్ట్‌కి ఆర్గ్యుమెంట్లు (ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు దానికిచ్చే విలువలు) పంపాలంటే అన్నీ ఒకే స్ట్రింగ్‌గా కలిపి, ఒక్కోదానికి డబుల్ కోట్స్ తగిలించండి. ఇబ్బంది పెట్టేది స్పేస్ ఒక్కటే. పాస్‌వర్డూ అలాగే పంపొచ్చు, మన సిస్టంలోనే కదా. తెలుగు పేర్లు మాత్రం వెళ్లవు."

స్పేస్ ఒక్కటే అన్నది నమ్మి నేనూ ఒక రాత్రి నిద్ర పోగొట్టుకున్నాను. మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టుకి రాసిన యాప్ అది. పీడీఎఫ్ చేసే పైథాన్ స్క్రిప్ట్‌కి ఫోల్డర్, బిల్లు నంబరు పంపుతుంది. నెల రోజులు బాగానే నడిచింది. సీజన్‌లో, టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతున్న వేళ, గుమస్తా ఫోల్డర్ బదులు పెన్‌డ్రైవ్‌ని ఎంచుకున్నాడు. అంతే, ఆగిపోయింది. మామూలు ఫోల్డర్ పేరు చివర బ్యాక్‌స్లాష్ రాదు. డ్రైవ్‌నే ఎంచుకుంటే వస్తుంది (E:\ లాగా). కోట్‌కి ముందు బ్యాక్‌స్లాష్ ఉంటే పైథాన్ ఆ కోట్‌ని మామూలు అక్షరంగా చదువుతుంది. దాంతో మూయాల్సిన కోట్ మూయలేదు, బిల్లు నంబరు వెళ్లి ఫోల్డర్ పేరులో కలిసిపోయింది.

అసలు కలపడమెందుకు? పైథాన్‌లో వేరే ప్రోగ్రాంని నడిపే సబ్‌ప్రాసెస్‌కి లిస్టుగా ఇవ్వండి. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో రాస్తే, కోర్ 2.1 నుంచి అదే పనికి ఆర్గ్యుమెంట్‌లిస్ట్ ఉంది. కోట్స్ సంగతి అవే చూసుకుంటాయి. బ్యాచ్ ఫైల్ దగ్గర మాత్రం లిస్టునీ గుడ్డిగా నమ్మకండి. దాన్ని నడిపే సీఎండీ (విండోస్ కమాండ్ ప్రాంప్ట్) లెక్కలు వేరు, కోట్స్ లోపలున్న % గుర్తుకీ అది ప్రత్యేక అర్థమే తీసుకుంటుంది. ఈ చిక్కు వల్లే 2024 ఏప్రిల్‌లో రస్ట్ భాష వాళ్లు భద్రతా సవరణ విడుదల చేయాల్సి వచ్చింది.

ఇక పాస్‌వర్డ్. టాస్క్ మేనేజర్‌లో 'కమాండ్ లైన్' కాలమ్ ఆన్ చేస్తే మీరు పంపినదంతా అక్కడ కనిపిస్తుంది. కొట్లో నలుగురూ వాడేది ఒకే లాగిన్ కదా! స్టాండర్డ్ ఇన్‌పుట్ (ప్రోగ్రాం నడుస్తుండగా డేటా చదువుకునే దారి) ద్వారా పంపండి.

తెలుగు వెళ్లదన్నది ఉత్త అపోహ. విండోస్‌లో కమాండ్ లైన్ యూనికోడే (అన్ని భాషల అక్షరాలూ పట్టేది), పైథాన్ 3 దాన్ని అలాగే అందుకుంటుంది. తేడా వచ్చేది తిరుగుదారిలో. స్క్రిప్ట్ ప్రింట్ చేసింది యాప్ పైప్‌లోంచి (రెండు ప్రోగ్రాంలని కలిపే దారి) చదివేటప్పుడు పైథాన్ పాత కోడ్‌పేజీ (తెలుగు లేని అక్షరాల పట్టిక) వాడి, తెలుగు అక్షరం దగ్గర ఎర్రర్ కొడుతుంది. పైథాన్ 3.7 నుంచి ఉన్న యూటీఎఫ్-8 మోడ్ ఆన్ చేసి, యాప్‌లోనూ యూటీఎఫ్-8గానే చదవండి.

వందల వరుసలు పంపాల్సి వస్తే ఆర్గ్యుమెంట్లుగా పంపే ఏ పద్ధతీ పనికిరాదు. సీఎండీ పరిమితి 8,191 అక్షరాలు, అది లేకుండా ప్రోగ్రాంని నేరుగా పిలిచినా 32,767. డేటాని జేసన్ అనే టెక్స్ట్ ఫైల్లో రాసి, దాని పాత్ ఒక్కటే పంపండి.