ఒక్క సీవీ అన్ని ఉద్యోగాలకూ సరిపోతుందా?

ప్రతి ఉద్యోగానికీ సీవీ మార్చి రాయాలా, నిజాయితీగా రాసిన ఒక్కటే అన్నిచోట్లకీ పంపకూడదా అన్నది ఇక్కడి వాదన. అక్క ఒక కంపెనీలో ఉద్యోగుల ఎంపిక చూస్తుంది. తమ్ముడు గోదాములో స్టాక్ పని చేసి, ఇప్పుడు ఇంకో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. నాలుగు పేజీల సీవీ ఎన్నిచోట్లకు పంపినా ఇంటర్వ్యూకి పిలుపు రాలేదు.

తమ్ముడు: నేను చేసినవన్నీ అందులో ఉన్నాయక్కా. ఒక్క అబద్ధం లేదు. ఎవరికేం కావాలో చూసి ఎప్పటికప్పుడు మార్చుకుంటూ పోతే అది వేషం వేసుకోవడమే.

అక్క: వేషం కాదురా. చేసిన పనుల్లో వాళ్లకు పనికొచ్చేది ముందు చెప్పడం. నీ మొదటి పేజీలో ఏముంది? కెరీర్ ఆబ్జెక్టివ్, నాన్న పేరు, పుట్టిన తేదీ, పదో తరగతి మార్కులు. స్టాక్ పని మూడో పేజీలో ఉంది. అక్కడిదాకా వచ్చేదెవరు?

తమ్ముడు: అవతలివాడి బతుకుతెరువు విషయం కదా, ఆమాత్రం ఓపిగ్గా చదవరా?

అక్క: చదవాలి, కాదనను. కానీ ల్యాడర్స్ అనే ఉద్యోగాల సంస్థ రిక్రూటర్ల చూపు పేజీ మీద ఎక్కడెక్కడ తిరుగుతుందో కొలిచి 2018లో ప్రకటించింది. మొదటి చూపు సగటున 7.4 సెకన్లు. అంతసేపట్లో ఎవరూ చదవరు, వెతుకుతారు. ఏ ఉద్యోగం, ఎక్కడ, ఎప్పటినుంచి ఎప్పటిదాకా. కావలసింది కంటపడితే అప్పుడు నింపాదిగా చదువుతారు.

తమ్ముడు: ఏడు సెకన్లలో మనిషిని తేల్చేసే పద్ధతే తప్పంటున్నా. బెర్‌ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని బోస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమెలు పంపారు. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి. తెల్లవాళ్ల పేర్లలా వినిపించేవాటికి, నల్లజాతివాళ్ల పేర్లలా వినిపించేవాటికంటే 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. రెజ్యూమె మెరుగ్గా ఉంటే కలిగే లాభం కూడా తెల్ల పేర్లకే ఎక్కువ దక్కింది. ఇంకెంత చెక్కితే ఏం లాభం?

(ఇది కొట్టిపారేసే మాట కాదు. బాగా రాస్తే చాలు, అందరికీ పిలుపొస్తుందని చెప్పేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.)

అక్క: ఆ అన్యాయాన్ని సీవీతో పోగొట్టలేం. అందుకే అడగనిచోట ఫొటో, పుట్టిన తేదీ, పెళ్లి, మతం రాయొద్దంటాను. పని చూడకముందే మనిషిని అంచనా కట్టే అవకాశం మనమే ఎందుకివ్వాలి? మన చేతిలో ఉన్నది మాత్రం వదులుకోకూడదు.

తమ్ముడు: మన చేతిలో ఏముంది? కంపెనీల్లో సీవీలు వడకట్టే సాఫ్ట్‌వేరే ముందు తీసి పక్కన పడేస్తుందట. అందుకే నా ఫ్రెండ్స్ ప్రకటనలో ఉన్న మాటలన్నీ సీవీ కింద కంటికి కనపడకుండా తెల్ల అక్షరాల్లో అతికిస్తున్నారు. నువ్వు చెప్పేదానికీ దానికీ తేడా ఏంటి?

అక్క: చాలా ఉంది. సాఫ్ట్‌వేర్ ఫైల్లోంచి అక్షరాలను మామూలు టెక్స్ట్‌గా లాగుతుంది. తెల్ల అక్షరాలు అక్కడ బయటపడతాయి, దాంతో నీ మీద నమ్మకం పోతుంది. వెంటనే తిరస్కరించడం అన్నది ఎక్కువగా ఫామ్‌లో అడిగే ప్రశ్నల దగ్గరే జరుగుతుంది: లైసెన్స్ ఉందా, అక్కడ పనిచేయడానికి అనుమతి ఉందా, ఇలాంటివి. మిగతాదంతా మేం వెతికినప్పుడు నువ్వు దొరకడమే. నువ్వు ‘సరుకుల లెక్క’ అని రాశావు, వాళ్లు ‘ఇన్వెంటరీ’ అన్నారు. చేసిన పని అదే అయితే వాళ్ల మాట వాడు. చేయని పనికి మాత్రం వాడొద్దు.

తమ్ముడు: డిజైన్ కూడా బాలేదంటావా? దానికి చాలా టైం పట్టింది.

అక్క: చూడ్డానికి బాగుంది. కానీ రెండు కాలమ్స్‌ని కొన్ని సాఫ్ట్‌వేర్లు అడ్డంగా కలిపి చదివేస్తాయి. ఫోన్ నంబర్ పేజీ పైనుండే హెడర్‌లో పెట్టావు, కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని అసలు పట్టుకోవు. ఎక్సెల్ పక్కన ఐదు చుక్కల్లో నాలుగు నింపావు. దాన్నిబట్టి నీకు పివట్ టేబుల్ వచ్చో రాదో ఎలా తెలుస్తుంది?

తమ్ముడు: సరే, అసలు పని దగ్గరికి రా. ‘స్టాక్ నిర్వహణ బాధ్యతలు నిర్వర్తించాను’ అని రాశాను. నిజమేగా?

అక్క: నిజమే. కానీ ఆ పనిలో ఎవరున్నా అదే రాస్తారు. నువ్వు వచ్చాక ఏం మారింది?

తమ్ముడు: ఏముంది... నెలాఖరుకి లెక్క రిజిస్టర్‌తో కలిసేది కాదు. మూడు రోజులు అందరం దాని మీదే కూర్చునేవాళ్లం. నేను వారానికి కొన్ని ర్యాకుల చొప్పున ముందే లెక్కపెట్టించడం మొదలుపెట్టా. ఆ తర్వాత ఒక్క రోజులో అయిపోయేది.

అక్క: ఇది నీ సీవీలో ఎక్కడుందిరా?

తమ్ముడు: లేదు. అది చెప్పుకునేంత పనా?

అక్క: చెప్పుకోవాల్సింది అదే! రాసుకో: ‘వారానికి కొన్ని ర్యాకుల చొప్పున స్టాక్ లెక్కించే పద్ధతి మొదలుపెట్టాను. నెలాఖరు లెక్కింపు మూడు రోజుల నుంచి ఒక రోజుకు తగ్గింది.’ నాలుగు పేజీలు రాశావు, ఇంత మంచి పని ఒక్కటి వదిలేశావు.

తమ్ముడు: ఇలాగే మొదలై ప్రతి లైనుకీ ఒక అంకె కావాలంటారు. ‘ఖర్చు 30 శాతం తగ్గించాను’ అని రాయమంటారు. మా దగ్గర ఎవరూ కొలవలేదు. కొలవని అంకె రాస్తే అబద్ధమే.

అక్క: రాయకు. ఇందులో నేను నీవైపే. ‘ఎలా కొలిచారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలని అంకె అసలే వద్దు. ఎంతమందితో చేశావు, ఎన్ని రకాల సరుకు, ఎన్నాళ్లకోసారి లెక్క, ఇవి నీకు తెలుసు. అవి చాలు. హోదా పేరు కూడా మార్చొద్దు. లెటర్‌లో అసిస్టెంట్ అని ఉంటే అసిస్టెంటే.

తమ్ముడు: మరి అమ్మ దగ్గర ఉండటానికి పని మానేసిన ఎనిమిది నెలలు? నెలలు తీసేసి సంవత్సరాలు మాత్రం రాయమని ఒకతను చెప్పాడు.

అక్క: నెలలు లేకపోతేనే అనుమానం వస్తుంది. ‘కుటుంబ బాధ్యతల కోసం విరామం’ అని ఒక్క లైను, పక్కన తేదీలు. అంతకుమించి వివరణ అక్కర్లేదు. ముందు పెట్టాల్సినవి ముందు పెట్టు, అంతే. చిత్రకారుడు లియొనార్డో డావించీ సుమారు 1482లో మిలన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు కొలువు కోసం రాసిన లేఖ ముసాయిదా ఇప్పటికీ ఉంది. తేలికపాటి వంతెనలు, ఫిరంగులు, కప్పు ఉన్న రథాలు అంటూ పది అంశాలు రాసి, బొమ్మలు వేయగలనన్న మాట చివర్లో అన్నాడు. ఆ పాలకుడికి కావలసింది యుద్ధ సామగ్రి.

తమ్ముడు: అందులో చాలావరకు అప్పటికి ఆయన తయారుచేసిన దాఖలాలే లేవు కదక్కా! చేశానని కాదు, చేయగలనని రాశాడు. ఇందాక నువ్వే చేయనిది రాయొద్దన్నావు.

అక్క: వరస ఆయన దగ్గర నేర్చుకో. హామీలు వద్దు.

తమ్ముడు: వరస మారుస్తా, రెండు పేజీలకు తగ్గిస్తా. నాలుగు పేజీలది మాత్రం పారేయను, ప్రతిసారీ అందులోంచే ఏరుకుంటా. కానీ ఒక్కోదానికి అరగంట పెడితే రోజుకి పది ఎలా పంపను? ఎక్కువచోట్ల పంపితేనేగా ఎక్కడో ఒకచోట తగిలేది.

అక్క: పది అని ఎవరు పెట్టారు లెక్క? ఇప్పుడు నీ దగ్గర ఎన్ని ప్రకటనలున్నాయి?

తమ్ముడు: తొమ్మిది.

అక్క: వాటిలో నువ్వు నిజంగా చేయగలిగిన పని ఉన్నవి?

తమ్ముడు: మూడు... నాలుగు. మిగతావి కూడా పంపుతా, వద్దనకు.

అక్క: అనను. ముందు ఆ నాలుగూ తెరువు.