చుక్క తరువాతి అంకెను నమ్మకండి

ప్రాసెసర్ వేడిని చూపించే సాఫ్ట్‌వేర్ ఏదైనా 62.4 డిగ్రీలని పెద్ద అక్షరాలతో వేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో కోర్ కోర్‌కూ (లెక్కలు చేసే ఒక్కో భాగానికీ) వేడిని కొలిచే ఒక డిజిటల్ థర్మల్ సెన్సర్ ఉంటుంది. అది ఇచ్చేది పూర్ణాంకమే, అదీ వేడి ఎంతో చెప్పే అంకె కాదు. టీజే మ్యాక్స్ అనే గరిష్ఠ పరిమితికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరం ఉందో చెప్పే అంకె. పరిమితి 100, చిప్‌లో ఆ అంకె ఉండే చిన్న గడిలో, అంటే రిజిస్టర్‌లో, ఉన్నది 38 అయితే, సాఫ్ట్‌వేర్ తీసివేత చేసి 62 అంటుంది. ఆ పరిమితి తప్పయితే జవాబూ అంతే తప్పు.

ఇంటెల్ పాత ‘కోర్ 2’ రకం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల కాలంలో ఆ పరిమితిని చిప్ నుంచి చదివే దారి లేదు కాబట్టి, ప్రోగ్రాములు మోడల్‌ను బట్టి ఊహించుకునేవి. ఒకే యంత్రం మీద రెండు ప్రోగ్రాములు పది డిగ్రీల తేడాతో పోట్లాడుకునేవి. 2008లో ఇంటెల్ ఆ విలువలను బయటపెట్టింది, నెహాలెమ్ తరం ప్రాసెసర్ల నుంచి వాటిని రిజిస్టర్‌లోనే ఉంచింది. అంతమాత్రాన అన్ని అంకెలూ సమానంగా నమ్మదగినవి కాలేదు. పరిమితికి చేరువలో ప్రాసెసర్‌ను కాపాడటానికే ఆ సెన్సర్‌ను సరిదిద్దుతారు. అక్కడినుంచి కిందికి దిగేకొద్దీ కచ్చితత్వం తగ్గుతుంది. కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఒక కోర్ 31, పక్క కోర్ 35 చూపించిందని ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్చేయడం వృథా శ్రమ.

మరో ప్రాసెసర్ల కంపెనీ ఏఎండీది మరో తీరు. 2017లో వచ్చిన రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ మోడళ్లలో, ఫ్యాన్లు అన్ని మోడళ్లకూ ఒకే తీరున తిరగాలని, ఫ్యాన్ల కోసం బయటికి చెప్పే టీసీటీఎల్ అనే వేడి విలువకు కావాలనే 20 డిగ్రీలు కలిపారు. ఆ 20 తీసేయని ప్రోగ్రాము చల్లని ప్రాసెసర్‌ను సైతం కాగుతున్నట్టు చూపించింది. (మదర్‌బోర్డు చిప్‌లో దేనికీ కలపని సెన్సర్ పిన్ అర్థంలేని 127 డిగ్రీలు చూపిస్తే కంగారుపడేవారి గురించి వేరే చెప్పనక్కరలేదు.)

నా అభిప్రాయంలో ప్రోగ్రాము ముందుగా చూపవలసింది పరిమితికి మిగిలిన దూరం, ఆ పక్కనే ఆ అంకె కోర్ సెన్సర్‌దో, మదర్‌బోర్డుదో. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాము ఆ దూరాన్ని విడిగా చూపిస్తుంది. అలా చూపించనివాటికి అడ్డేమిటో నాకు అర్థం కాదు. ఇంటెల్ చిప్‌లో 0 గానీ 1 గానీ చూపే ఒక గుర్తు, ఒక బిట్, కూడా ఉంది: వేడి హద్దుకు తగిలి ప్రాసెసర్ ఒక్కసారి వేగం తగ్గించుకున్నా అది 1గా మారి, సాఫ్ట్‌వేర్ చెరిపేదాకా అలాగే ఉంటుంది. సెకనుకోసారి చదివే గ్రాఫ్ రెండు కొలతల మధ్య జరిగినదాన్ని ఎలాగూ పట్టుకోలేదు, ఆ బిట్ పట్టుకుంటుంది. దాన్ని ఎక్కడో నాలుగో ట్యాబ్‌లో దాచి, దశాంశాలకు రంగులద్దడం ఏం న్యాయం?